ఊఁ అంటే సరే అని కాదు

పోయినవారం మన ఊఁగారిని మెట్ల మీద వదిలేసి వచ్చాం. పద్నాలుగేళ్ళు ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసిన మనిషి, లిఫ్టే లేని పాత భవనంలో మూడో అంతస్తుకి ఆయాసపడుతూ ఎక్కుతున్నాడు. అతను సూపర్‌వైజరుగా పనిచేసిన కంపెనీని ఇంకెవరో కొనేసి, సగం మందిని ఇంటికి పంపేసి నాలుగు నెలలైంది. దంతవైద్యుడి దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే భార్య జీతంతో ఇల్లు నెట్టుకొస్తోంది. ఈ నాలుగు నెలల్లో అతనికి తగిలిన ఒకే ఒక్క మంచి అవకాశం, ఊరి చివర కొత్తగా కట్టిన ఆస్పత్రిలో పదహారు లిఫ్టులకి ఇన్‌ఛార్జి ఉద్యోగం. ఇంతలో కళ్ళజోళ్ళ మేడం దగ్గర్నించి ఫోను. "నువ్వు చేసిన ఘనకార్యం ఇప్పుడే తెలిసింది. ఉన్నపళంగా రా." ఆ ఘనకార్యం ఏమిటో పాపం అతనికీ తెలీదు.

కళ్ళజోళ్ళ మేడం అంటే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంటుందనుకునేరు. అరవై దాటినా సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించగలదు. కింద కళ్ళజోళ్ళ దుకాణం, పైన ఆవిడ ఆఫీసు, అందుకని ఆ పేరు. కంపెనీలకి కావలసిన మనుషుల్ని వెతికి పెట్టడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని.

ఇక మనవాడి పేరు సంగతి. చిన్నప్పుడు అమ్మా నాన్నా ఇద్దరూ పనికి పోతే, పదేళ్ళు పెద్దదైన అక్కే అతన్ని పెంచింది. అక్కకి కథలు చెప్పే పిచ్చి. తమ్ముడు ఊఁ కొడుతున్నంతసేపే కథ సాగేది, ముద్ద నోట్లోకి వచ్చేది. ఊఁ ఆగితే రెండూ ఆగిపోయేవి. అలా ఆకలికి అలవాటైన ఊఁ, నలభై నాలుగేళ్ళు వచ్చినా వదల్లేదు. ఎవరు ఏం చెప్పినా చెవి ఎక్కడుందో గానీ గొంతు మాత్రం ఠంచనుగా ఊఁ అంటుంది. ఇవాళ పొద్దున్న కూడా అతను చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే అక్క ఫోన్ చేసి ఇరవై నిమిషాలు ఏదో చెప్పింది. అతను కాలర్ మీది ముడత సంగతి చూసుకుంటూ ఓ అరవై ఊఁలు కొట్టి పెట్టేశాడు. ఆవిడ ఏం చెప్పిందంటే ఒక్క ముక్క చెప్పలేడు.

మేడం ఆఫీసు రెండు గదులు. ముందు గదిలో నాలుగు కుర్చీలు, నీళ్ళ డబ్బా, ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుండే గడియారం. లోపలి గదిలో మేడం. బల్ల మీద మూడు కాగితాలు పక్కపక్కన పరిచి ఉన్నాయి. మూడింటి మీదా మనవాడి ఫోటోయే.

"కూర్చో" అంది మేడం. కూర్చున్నాడు.

"ఇవేంటి?"

"నా బయోడేటాలు మేడం."

"ఎన్ని ఉన్నాయి?"

"మూడు."

"నువ్వెంతమందివి?"

మనవాడు ఫోటోలు మూడూ మళ్ళీ చూశాడు.

"ఆస్పత్రి చీఫ్ ఇంజనీరు పంపించాడు" అంది మేడం. "సోమవారం నీ కాగితం నేను పంపాను. మంగళవారం ఇంకెవరో పంపారు. బుధవారం మరెవరో పంపారు. ఒకే మనిషి మూడు గుమ్మాల్లోంచి వచ్చాడు, వీణ్ణి తీసుకుంటే రేపు మీ ముగ్గురూ నా మనిషంటే నా మనిషని, కమీషను నాకంటే నాకని నా నెత్తినెక్కుతారు, నాకీ తలనొప్పి వద్దు అంటున్నాడు. సాయంత్రం ఐదింటిలోగా నువ్వెవరి మనిషివో తేలకపోతే నీ పేరు కొట్టేస్తాడట. ఇప్పుడు టైమెంత?"

తలుపులోంచి కనిపిస్తున్న ముందు గది గడియారం నాలుగైందంటోంది. అంటే నాలుగవడానికి ఇంకా ఐదు నిమిషాలుంది.  ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఇలాంటిది ఎప్పుడు తగులుతుందో తెలీదు. పొద్దున భార్య క్లినిక్కుకి బయల్దేరుతూ ఏమీ అనకుండా అతని జేబులో కొత్త పెన్ను పెట్టి వెళ్ళింది. ఆ పెన్ను ఇప్పుడు గుచ్చుకుంటున్నట్టుంది.

"నేనెవర్నీ పంపమన్లేదు మేడం."

"మరి వాళ్ళకి కలొచ్చిందా?"

"ఫోన్ చేశారు. ఒకాయన మెసేజీలు కూడా పెడుతుంటాడు. ఇంకొకావిడ గొంతు తేనెలా ఉంటుంది. ఊళ్ళో పెద్ద ఆస్పత్రిలో లిఫ్టుల ఉద్యోగం ఉంది, మీకు సరిగ్గా సరిపోతుంది, మీ కాగితం పంపుతున్నాం అన్నారు. నేను..." అని ఆగాడు.

"నువ్వు?"

"ఊఁ అన్నాను."

మేడం తల పట్టుకుంది. "ముగ్గురూ ఆస్పత్రనే చెప్పారు కదయ్యా. ఏ ఆస్పత్రని అడగలేదా?"

"లేదు మేడం. మూడు ఆస్పత్రులనుకున్నాను. ఆ రాత్రి మా ఆవిడకి చెప్పి సంతోషించాం కూడా."

ఇరవై రెండేళ్ళలో ఎన్నో చూసిన మేడానికి కూడా నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్ళ గ్లాసు అవసరమైంది. రెండు గుక్కలు తాగి, గ్లాసు పక్కన పెట్టి అడిగింది.

"లిఫ్టు రిపేరుకి వెళ్తే ముందు ఏం చేస్తావు?"

పని మాట వినేసరికి మనవాడి నడుం నిటారైంది. "మెయిన్ స్విచ్ కట్టేసి దానికి తాళం వేస్తాం. పేరు రాసిన అట్టముక్క తగిలిస్తాం. ఆ తాళం ఎవరు వేశారో వాళ్ళే తియ్యాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు."

"ముట్టుకుంటే?"

"పైన ఒకడు పని చేస్తున్న సంగతి తెలీక కింద ఇంకోడు స్విచ్ వేస్తాడు. మనిషి పోతాడు మేడం."

"ఇక్కడ మనిషి పోడు, ఉద్యోగం పోతుంది. అంతే తేడా. నీ లిఫ్టుకి అంత జాగ్రత్తగా తాళం వేస్తావే, నీ కాగితానికి అట్టముక్క ఎందుకు తగిలించలేదు? నువ్వు వంద ఉద్యోగాలకి వంద మందితో మాట్లాడుకో, నేనేం కాదనను. నాకే ఫోన్ చెయ్యాలని నా దగ్గర రూలేం లేదు. కానీ ఒక్క ఉద్యోగానికి ఒక్కరే. ఎక్కడికి పంపుతున్నారు, ఏం రాసి పంపుతున్నారు అని అడిగి, ఓ నోటుబుక్కులో రాసుకోవాలి. మీరు మెషీన్ రూములో రాసుకోరూ, ఏ రోజు ఎవరొచ్చారు, ఏం చేశారని? అలాగ."

అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. మనవాడికి సిగ్గేసింది. పద్నాలుగేళ్ళలో మెషీన్ రూము పుస్తకంలో ఒక్క రోజు కూడా సంతకం మానని మనిషి, తన జీవితానికి ఒక పేజీ కూడా తెరవలేదు.

"పోనీ ఇది చూడు" అని మేడం మూడో కాగితం అతని ముందుకి తోసింది. "నీ అనుభవం ఎంత?"

"పద్నాలుగేళ్ళు."

"ఇందులో పదిహేడు. నీ కింద ఎంతమంది పనిచేశారు?"

"తొమ్మిదిమంది."

"ఇందులో నలభై. ఒకసారి అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులోంచి ఎంతమందిని బయటికి తీశావు?"

"ముగ్గుర్ని మేడం."

"ఇందులో పదకొండు మంది. ఆ లిఫ్టులో ఎంతమంది పడతారు?"

"ఎనిమిది."

"ఎనిమిది మంది పట్టే లిఫ్టులో పదకొండు మంది ఎలా ఎక్కారయ్యా? ముగ్గురు నీ భుజాల మీద కూర్చున్నారా? ఆ చీఫ్ ఇంజనీరు లిఫ్టుల మనిషి. ఇది చదివి ఊరుకుంటాడా?"

 అబద్ధం మనవాడికి చేతకాదు. చేతకాని పని తన పేరు మీద జరిగిందంటే ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఎప్పుడూ లేని ధైర్యం వచ్చింది.

"మేడం, ఒక మాటడగనా?"

"అడుగు."

"సోమవారం మీరు ఫోన్ చేసినప్పుడు నేనేమన్నాను?"

"సరేనన్నావు."

"అన్లేదు మేడం. మీకూ ఊఁ అన్నాను."

 కింద దుకాణంలో ఎవరో అద్దాలు తుడుస్తున్న కీచుమనే చప్పుడు పైకి వినిపించింది. మేడం కుర్చీలో వెనక్కి వాలింది. ఆవిడ కళ్ళు గుర్తుచేసుకుంటున్నాయి. సోమవారం పదకొండింటికి చేసింది, గబగబా చెప్పింది, అతను ఊఁ అన్నాడు, తను పంపేసింది. ఏ ఆస్పత్రో తనూ చెప్పలేదు. పక్కవాళ్ళకి ఉద్యోగం చెప్పడంలో ఆరితేరిన మనిషి, తన ఉద్యోగం తను సరిగ్గా చెయ్యలేదు.

"నిజమే" అంది చివరికి. "ఊఁ అంటే ఏంటసలు నీ లెక్కలో?"

"వింటున్నానని."

"సరేనని కాదా?"

"వింటున్నాననే మేడం. ఒక్కోసారి అది కూడా కాదు."

మేడం ఈసారి నవ్వు ఆపుకోలేదు. గట్టిగా నవ్వి, కళ్ళు తుడుచుకుని, చేతులు బల్ల మీద పెట్టి ముందుకి వంగింది. "అయితే మళ్ళీ మొదట్నించి చేద్దాం. ఊరి చివర కొత్త ఆస్పత్రి. పదహారు లిఫ్టులు, అందులో ఆరు స్ట్రెచర్లు పట్టేవి, ఒక్కోదాంట్లో ఇరవై మంది పడతారు. ఈ ఉద్యోగానికి నిన్ను నేను పంపనా? ఊఁ అన్నావంటే కిటికీలోంచి తోసేస్తాను."

మనవాడి గొంతుదాకా ఊఁ వచ్చింది. దాన్ని మింగేశాడు. ఒక్క నిమిషం ఆలోచించాడు. "ఏం రాసి పంపుతారు?"

మేడం కనుబొమ్మలు పైకెత్తింది, కానీ చూపించింది. తన కాగితంలో పద్నాలుగేళ్ళు, తొమ్మిదిమంది, ముగ్గురు. అన్నీ ఉన్నదున్నట్టు ఉన్నాయి.

"మీరు నా తరఫునా, వాళ్ళ తరఫునా?"

"వాళ్ళ తరఫున. నాకు పని చెప్పేది వాళ్ళు. ఇది మర్చిపోకు, నేను నీ చుట్టాన్ని కాను. కానీ పనికొచ్చే మనిషిని దాచుకుంటే నాకూ నష్టమే, అబద్ధం చెప్పి పంపితే నాకూ పరువు తక్కువే. ఆ మేరకు నీ తరఫునే."

"వాళ్ళు నన్ను వద్దంటే చెప్తారా? పోయిన నెల రెండు చోట్లకి పంపారు. మళ్ళీ మీ ఫోనే లేదు. మా ఆవిడ రోజూ అడిగేది."

మేడం ముఖంలో నవ్వు తగ్గింది. వద్దన్నవాళ్ళకి ఫోన్ చెయ్యడం ఆవిడకి ఎప్పుడూ కష్టమే. బాగున్న కబురైతే చెప్పాలనిపిస్తుంది, బాగాలేనిదైతే రేపు చూద్దామనిపిస్తుంది. ఆ రేపు ఎంతమందికి రాలేదో ఆవిడకే తెలీదు.

"చెప్తాను. వద్దన్నా చెప్తాను. మాట."

"అయితే పంపండి" అన్నాడు మనవాడు. స్పష్టంగా, మూడు అక్షరాలూ విడివిడిగా వినపడేలా. నలభై నాలుగేళ్ళలో అతను ఒక ప్రశ్నకి ఇంత తేటగా జవాబు చెప్పడం ఇదే మొదటిసారేమో.

ఇక మిగిలిన ఇద్దరు. మేడం అతని ఫోన్ వైపే చూపించింది. "నేను మాట్లాడకూడదు. నువ్వే చెప్పాలి. తిట్టకు, సాకులు చెప్పకు, కాళ్ళు పట్టుకోకు. జరిగింది చెప్పు, అంతే."

మెసేజీలాయన మొదటి రింగుకే ఎత్తాడు. సంగతి విని కాసేపు గొణిగాడు. "ఈ ఒక్కదానికే నా తరఫు వద్దంటున్నానండీ. వేరే ఏదైనా ఉంటే ఎక్కడో చెప్పండి, అప్పుడు చెప్తాను" అన్నాడు మనవాడు. అవతలి మనిషి మెత్తబడ్డాడు. "ముందే చెప్తే పోయేదిగా సార్" అంటూ కాగితం వెనక్కి తీసుకున్నట్టు అక్కడికక్కడే మెసేజి పెట్టాడు. ఇంత తేలికా అనుకుని మనవాడు ఊపిరి పీల్చుకున్నాడు.

తేనె గొంతావిడ అంత తేలిగ్గా తేలలేదు. వెనక్కి తీసుకుంటానంది గానీ, అబద్ధాలు రాశారన్న మాటకి మాత్రం తేనె కాస్తా చేదైంది.

"మేం సొంతంగా ఒక్క ముక్క రాయం సార్. మీరు లైన్లో దొరక్కపోతే మీరిచ్చిన రెండో నంబరుకి చేశాం. ఆవిడే అన్నీ చెప్పారు. గంట చెప్పారు. మేం రాసింది తక్కువే. ఆవిడ పాతిక మందిని కాపాడాడన్నారు, మేమే పదకొండుకి దించాం."

 ఆ రెండో నంబరు అక్కది.

"ఇదంతా నాకు తెలుసా అని మా అక్కని అడగలేదా?"

"అడిగాం సార్. తమ్ముడికి అంతా చెప్పాను, ఊఁ అన్నాడు అన్నారు."

స్పీకరు మీదున్న ఫోన్ పెట్టేసి మనవాడు మేడం వంక చూశాడు. మేడం వేళ్ళు మడిచి చూపించింది. నాకొక ఊఁ, ఆయనకొకటి, ఈవిడకొకటి, మీ అక్కకొకటి. నాలుగు.

వెంటనే అక్కకి చేశాడు. బిజీ. మళ్ళీ చేశాడు. బిజీ. అక్క ఫోన్ బిజీగా ఉండటం వింత కాదు గానీ, ఇవాళ మాత్రం అతను వదల్లేదు. ఇంకో ఆరుసార్లు చేశాడు.

గోడ గడియారం ఐదు కొట్టింది. అంటే ఇంకా ఐదు నిమిషాలే. సరిగ్గా అప్పుడు మేడం బల్ల మీది ఫోన్ మోగింది. మేడం చూసి, స్పీకరు నొక్కి, మనిషి నా ఎదురుగానే ఉన్నాడు మాట్లాడండి అని, పెదాల మీద వేలు పెట్టి అతనికేసి సైగ చేసింది. ఊఁ వద్దని.

చీఫ్ ఇంజనీరు గొంతు బొంగురుగా ఉంది, తొందర ఎరగని గొంతు. రెండు కాగితాలు వెనక్కి వెళ్ళాయని చెప్పాడు. ఇలాంటివి ఎన్ని చూశాడో చెప్పాడు. ఒకడు పొద్దున ఒక కంపెనీకీ మధ్యాహ్నం ఇంకో కంపెనీకీ మాటిచ్చి సాయంత్రం ఎక్కడికీ వెళ్ళని సంగతి చెప్పాడు. ఆస్పత్రి లిఫ్టంటే ఏమిటో, స్ట్రెచరు మీద మనిషి ఉన్నప్పుడు ఒక్క నిమిషం ఎంత పొడుగో చెప్పాడు. చెప్పి చెప్పి, అవతలినించి ఏ చప్పుడూ లేకపోయేసరికి ఆగాడు.

"హలో, లైన్లో ఉన్నారా?"

"ఉన్నానండీ. వింటున్నాను" అన్నాడు మనవాడు. "మీరు అడగాల్సింది అడిగితే జవాబు చెప్దామని ఆగాను."

చీఫ్ ఇంజనీరు అడిగాడు. "ఎంతమందిని తీశారు ఆ లిఫ్టులోంచి?"

"ముగ్గుర్నండీ. పదకొండు కాదు. నా కింద తొమ్మిదిమంది, నలభై కాదు. ఆ కాగితం నేను చదవకుండానే మీ దాకా వచ్చింది. అది నా పొరపాటే. ఈ మేడం పంపిన కాగితం మాత్రం ఇవాళ చదివి, పంపమని చెప్పాను."

"ముగ్గురంటే బాగానే ఉంది" అన్నాడు చీఫ్ ఇంజనీరు, గొంతులో నవ్వు వినిపిస్తూ. "మేడంగారు పంపింది ఉంచుకుంటున్నాను. రేపు పదింటికి రండి."

మేడం బల్ల మీద చప్పుడు కాకుండా గుద్దింది. మనవాడు జేబులో పెన్ను తడిమి చూసుకున్నాడు. భార్యకి ఈ కబురు ఎదురుగా నిలబడి చెప్పాలనుకున్నాడు.

"ఒక్క మాట" అన్నాడు చీఫ్ ఇంజనీరు. "ఆ పదకొండు మంది సంగతి కనుక్కుందామని కాగితం మీదున్న రెండో నంబరుకి, అంటే మీ అక్కగారికి ఫోన్ చేశాను. అరగంట మాట్లాడాను. మాట్లాడాను అనకూడదు, విన్నాను. మీకు చేసేముందే పెట్టేశాను. మధ్యలో ఎక్కడో, మా తమ్ముడు పనిచెయ్యబోయే చోటు ఒకసారి చూస్తాను, దగ్గర్లోనే ఉన్నాను, లోపలికి రావచ్చా అన్నట్టున్నారు. అప్పుడు నేను వేరే కాగితం చూస్తున్నాను." కొంచెం తటపటాయించాడు. "ఊఁ అన్నట్టున్నాను."

మనవాడి జేబులో ఫోన్ మోగింది. అక్క.

ఎత్తాడు. అటునించి అక్క గొంతు, ఎప్పటిలాగే హుషారుగా, కాకపోతే ఏదో డబ్బాలోంచి వస్తున్నట్టు.

"ఒరేయ్, నువ్వేం కంగారు పడకు. మీ ఆస్పత్రి ఎంత బాగుందిరా. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్యలో ఆగిపోయింది గానీ, లేకపోతే చాలా బాగుంది. దీపం కూడా వెలుగుతోంది. ఇక్కడందరికీ నీ సంగతే చెప్తున్నాను, మా తమ్ముడొచ్చి తీస్తాడు భయపడకండని. వింటున్నావా? ఊఁ అనవేంరా?"

మేడం అప్పటికే లేచి నిలబడింది. స్పీకర్లో చీఫ్ ఇంజనీరు హలో, ఏమైంది అంటున్నాడు.

"అక్కా" అన్నాడు మనవాడు.  "తలుపులు ఎవరూ లాగొద్దని చెప్పు. లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఉండు, లెక్కపెడతాను" అంది అక్క. ఆవిడ వేలు పెట్టి ఒక్కొక్కరినీ లెక్కపెడుతున్నట్టు ఒకటి, రెండు, మూడు అని నెమ్మదిగా వినిపించింది.

"నాతో కలిపి పదకొండు."